సవరణ: ‘మలానా క్రీమ్’ మొక్క పేరు కాదు

మొన్న నాటు విత్తనాల గురించి రాస్తూ, హిమాచల్ ప్రదేశ్ కులూ జిల్లాలోని మలానా లోయలో తరతరాలుగా పెరిగే గంజాయి రకం పేరు ‘మలానా క్రీమ్’ అన్నాను. అది తప్పు. పచ్చి పూతను అరచేతుల మధ్య నలిపి తీసే చరస్‌కు బజారులో పడ్డ పేరది. అరిసెను వడ్ల రకం అన్నట్టయింది నా పని.

వృక్షశాస్త్ర పుస్తకాలు తిరగేస్తే తెలిసింది: అక్కడి నాటు మొక్కలన్నీ ఒకే అచ్చు కావు. ఆడ, మగ మొక్కలు సాధారణంగా వేరు, పుప్పొడిని మోసేది గాలి. అందుకే ఒకే చేలో కూడా ఎత్తు, వాసన, పూతకు వచ్చే కాలం మొక్కమొక్కకూ మారతాయి. ఆ పేరుతో ప్యాకెట్లలో అమ్మే విత్తనాలు ఆ లోయవే అని నమ్మనక్కర్లేదు. ఈ మొక్క నారతో కులూ వైపు తాళ్లు, ‘పూలా’ అనే పాదరక్షలు అల్లేవారు. అసలు రాయాల్సింది అది, నేను వదిలేశాను.

ఇంకోటి. ‘తరతరాలుగా’ అన్నానని అక్కడ చట్టం అడ్డురాదనుకున్నారు కొందరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మలానాకూ వర్తిస్తుంది. చరస్ తయారీ, అమ్మకం అక్కడా నేరమే.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.