సోరియాసిస్ జన్యువు: జర్మనీ లెక్క కావలికి సరిపోతుందా?

కావలి చుట్టుపక్కల, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆరా తీసే జబ్బుల్లో సోరియాసిస్ ఒకటి. పిల్ల మోచేతి మీద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ, గీరితే వెండిపొట్టులా రాలే పొలుసు కనబడితే చాలు, 'వాళ్ల వంశంలోనే ఉందంట' అంటారు. ఈ మాటలో సగమే నిజం.

జబ్బుతో గట్టి ముడి ఉన్న జన్యు రకం హెచ్ఎల్ఏ-సి*06:02. ఆరో క్రోమోజోము మీద ఉంటుంది. 40 ఏళ్లలోపు మొదలయ్యే సోరియాసిస్‌లో దీని పాత్ర ఎక్కువ. అయినా ఇది ఉన్న పదిమందిలో జబ్బు వచ్చేది సుమారు ఒక్కరికే. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో కూడా ఒకరికి వచ్చి రెండోవారికి రాకపోవడం మామూలే.

ఇది అన్ని జాతుల్లో ఒకేలా లేదు. యూరప్ రోగుల్లో బాగా ఎక్కువ. జపాన్‌లో ఈ రకమూ అరుదే, జబ్బూ తక్కువే. మన దేశపు రోగుల్లో కూడా దీని ముడి కనిపించింది. కానీ 2017లో జబ్బుతో ముడిపడ్డ 63 జన్యుస్థానాలను లెక్కగట్టిన పెద్ద విశ్లేషణ యూరప్ సంతతివాళ్ల మీద చేసింది. అలాంటి అధ్యయనాల్లో దొరికేది చాలాసార్లు అసలు దోషం కాదు, దాని పక్కనుండే గుర్తు. వేరే జనాభాలో ఆ గుర్తు ఉన్నచోట దోషం ఉండకపోవచ్చు. అందుకే జన్యు పరీక్షకు లాలాజలం పంపితే వచ్చే 'రిస్క్ స్కోరు' చూసి సంబంధం వదులుకోవడం తెలివితక్కువ పని. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే బిడ్డకు 14 శాతం, ఇద్దరికీ ఉంటే 41 శాతం అనే లెక్క కూడా జర్మనీ కుటుంబాలదే.

మరి మేనరికం? మామూలు పొలుసుల సోరియాసిస్ ఎన్నో జన్యువుల కలగలుపు కాబట్టి తప్పంతా దాని నెత్తిన వేయలేం. చీముపొక్కులతో, జ్వరంతో ఒళ్లంతా కమ్మే అరుదైన రకం సంగతి వేరు. ఐఎల్36ఆర్ఎన్ జన్యువు రెండు ప్రతులూ చెడితే అది రావచ్చని 2011లో ట్యునీషియాలోని దగ్గరి బంధువుల పెళ్లిళ్లున్న కుటుంబాల్లో తేలింది. తల్లికీ తండ్రికీ చెడ్డ ప్రతి ఒక్కోటి ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు రెండూ చెడ్డవే అందే అవకాశం 25 శాతం. ఒకే పూర్వీకుడి ప్రతి రెండువైపుల నుంచీ బిడ్డకు చేరే వీలు మేనమామ పెళ్లిలో ఎనిమిదింట ఒకటి, మేనబావతో అయితే పదహారింట ఒకటి. ఇంట్లో చీముపొక్కుల రకం ఉంటే మేనరికానికి ముందు జన్యు సలహా తీసుకోవాల్సిందే.

మిగతా కుటుంబాల్లో జన్యువు కంటే జబ్బును రేపేవాటి మీద కన్నేయాలి: స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాతో వచ్చే గొంతునొప్పి, మానసిక జబ్బుకు వాడే లిథియం మందు, కొన్ని బీపీ మాత్రలు. పొగాకు పండే జిల్లాలో చెప్పడం ఇబ్బందేగానీ, చుట్టా బీడీ కూడా. అన్నిటికంటే ప్రమాదం, తామర అనుకుని ఊళ్లో వేయించుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్. వారంలో ఒళ్లు తేటపడుతుంది. ఆపగానే జబ్బు తిరగబెట్టి, ఒక్కోసారి చీముపొక్కులుగా మారుతుంది. డాక్టరు సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ మాత్ర రాసిస్తే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణం మీదకొస్తుంది.

సంబంధం మాట్లాడేటప్పుడు అడగాల్సింది వంశం గురించి కాదు. ఎన్నో ఏట మొదలైంది, పొలుసా చీముపొక్కులా, గోళ్ల మీద సూదిగుంటలున్నాయా, పొద్దున లేవగానే అరగంటకు పైగా వేళ్లు బిగుసుకుంటున్నాయా? చివరి రెండూ కీళ్లకు పాకుతోందేమోనని అనుమానించాల్సిన ఆనవాళ్లు. అవి ఉంటే పెళ్లి మాట తర్వాత, ముందు కీళ్ల డాక్టరుకు చూపించాలి.