సన్న సెగ సంసారం

బెంగళూరు, మారతహళ్లి. కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్లారు. మనవరాలు స్కూల్ నుంచి వచ్చేలోపు గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ చేస్తానని రిటైర్డ్ హెడ్మాస్టరుగారు వంటింట్లో దిగారు. సుభద్రమ్మగారు అవరేకాయలు ఒలుస్తూ గుమ్మంలో కూర్చున్నారు. అక్కణ్ణించైతే పెనం బాగా కనబడుతుంది.

ఆయన: చూశావా, అప్పుడే రంగొచ్చేసింది!

ఆవిడ: వచ్చింది, దాటిపోయింది కూడా. వాసన రావట్లేదూ?

ఆయన: (విప్పి) ఇదేంటే, లోపల చీజు పెట్టింది పెట్టినట్టే ఉంది? నకిలీదేమో!

ఆవిడ: చీజు అసలుదే. అంత మంట పెడితే లోపలికి వేడి దిగేదెప్పుడు? వెన్న కాస్తే అడుగున గసి మిగులుతుంది కదా, ముందు మాడేది అదే.

ఆయన: అయితే నెయ్యి రాస్తా. గసి గొడవే ఉండదు.

ఆవిడ: రాయండి. సున్నుండల వాసనొస్తే మాత్రం నన్నడక్కండి.

ఆయన: అమెరికాలో బయటివైపు మయోనైజ్ రాస్తారట. ఎక్కువభాగం నూనేగా, సమంగా పరుచుకుంటుంది.

ఆవిడ: అందులో కోడిగుడ్డు సొన! గురువారం, పైగా మార్గశిరం!

ఆయన: గుడ్డు లేనిది కూడా దొరుకుతుందే, పచ్చ చుక్క ఉంటుంది.

ఆవిడ: చుక్క వాళ్లది, పూజ నాది. రానివ్వను.

ఆయన: పోనీ ఫ్రిజ్‌లో పనీర్ ఉంది...

ఆవిడ: పాలు విరగ్గొట్టి పిండింది కరుగుతుందాండీ? ఎంత సెగ పెట్టినా కదలదు, పండక్కొచ్చిన మీ తమ్ముడిలా.

ఆయన: మధ్యలో వాడేం చేశాడే!

ఆవిడ: ఏమీ చెయ్యడు, అదేగా బాధ. జరగండి. అయ్యంగార్ బేకరీలో నిన్న తెచ్చిన బ్రెడ్ తియ్యండి, కాస్త ఆరి ఉంటుంది. చీజు తురమండి, ముక్కకన్నా త్వరగా కరుగుతుంది. వెన్న అంచులదాకా రాయండి. ఆ మూలేం పాపం చేసింది, వదిలేశారు?

(స్టవ్ సిమ్‌లో పెట్టి, పెనం మీద మూత పెట్టారు.)

ఆయన: మూతా! ఆవిరికి మెత్తబడదూ?

ఆవిడ: దిబ్బరొట్టెకి పెట్టనా? చీజు కరిగేదాకానే. తిప్పాక తీసేస్తా.

ఆయన: ఎంతసేపే? పేపర్ కూడా అయిపోయింది.

ఆవిడ: అవరేకాయలు అవ్వలేదు. కూర్చోండి.

(కాసేపటికి అట్లకాడతో తిరగేశారు. నిండుగా బంగారు రంగు. అట్లకాడ అంచుతో గీస్తే గరగరమంది. బయటికి జారిన చీజు పెనానికి తగిలి పల్చగా, కరకరలాడే అంచు కట్టింది. ఆ అంచు మనవరాలిదాకా రాలేదని వేరే చెప్పాలా?)

ఆవిడ: చూశాలెండి, నోరు తుడుచుకోండి. అయ్యో, ప్లేట్లో పెట్టకండి! కింద ఆవిరి పట్టి మెత్తబడుతుంది. ఆ చిల్లుల పళ్లెం ఇటివ్వండి.

(కాలింగ్ బెల్. మనవరాలు బ్యాగు విసిరేసి, ఒక్క కొరుకు కొరికింది.)

మనవరాలు: తాతయ్యా, సూపర్! నువ్వే చేశావా?

ఆయన: మరి! సన్న సెగ మీద కాల్చాలమ్మా. మీ నానమ్మకి చెప్తే వినదు.

ఆవిడ: అవునమ్మా, అంతా ఆయనే. అదిగో, ఆ నల్లది కూడా ఆయన చేసిందే. సాయంత్రం టిఫిన్‌కి ఆయనకి అదే.