ఇన్‌స్వింగర్ ఎవడబ్బ సొత్తు?

తిరుపతిలో ఘోరం జరిగిపోయింది. కొర్లగుంట క్రికెట్ క్లబ్బుకు పదిహేనేళ్లకు పైగా కొత్త బంతి వేసిన మన బౌలరన్న ఈ సీజన్ నుంచి బైరాగిపట్టెడ టీముకు ఆడతాడట. ఊరు దాటలేదు, కొండెక్కలేదు, షేర్ ఆటో ఎక్కాడంతే. మా కమిటీ పెద్దలు మాత్రం ఆ రోజు నుంచి సరిగా అన్నం తినడం లేదు. టీ, బజ్జీలతోనే నెట్టుకొస్తున్నారు.

బజ్జీల అంగడి దగ్గరే అత్యవసర సమావేశం కూడా జరిగింది. మొదటి అంశం ఎన్‌ఓసీ, అంటే వేరే జట్టుకు పోవడానికి అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం. రాష్ట్ర సంఘం మారాలంటే రంజీ ఆటగాడైనా ఎన్‌ఓసీ తీసుకోవాల్సిందే కదా, మరి పేట మారేవాడికి అక్కర్లేదా అని సెక్రటరీ నిలదీశాడు. 2025లో ముంబై బ్యాటర్ యశస్వి జైస్వాల్ గోవాకు పోతానంటే ముంబై సంఘం సరేనంది, మనసు మార్చుకుని వస్తే మళ్లీ చేర్చుకుంది. కానీ ముంబై వాళ్లకు క్రమశిక్షణ తక్కువ. మా వాళ్లు అంత తేలిగ్గా వదులుతారా?

లెటర్ ప్యాడ్ వెతికారు. చివరిసారి చందాల కోసం వాడింది, నాలుగు కాగితాలు మిగిలాయి. రబ్బరు స్టాంపు దొరికింది, ఇంకు ఎండిపోయింది. దాని మీద నీళ్లు చిలకరిస్తూ షరతులు రాశారు. జెర్సీ వెనక్కివ్వాలి. ఆ జెర్సీ ఆయన సొంత డబ్బుతో కుట్టించుకున్నదని ఒక కుర్రాడు గొణిగితే, "వెనకాల పేరు మన క్లబ్బుది గదరా" అన్నారు. తర్వాత అసలు షరతు: మన మీద మ్యాచ్ పడితే ఇన్‌స్వింగర్, అదే గాల్లో బ్యాటర్ వైపు లోపలికి తిరిగే బంతి, వేయకూడదు. అది మన గ్రౌండులో నేర్చుకున్నది కాబట్టి క్లబ్బు ఆస్తి.

"మరి యార్కర్ సంగతేందన్నా?" అని ట్రెజరర్ అడిగాడు.

"ఎత్తుకొని పోనీలే, అది పడిందెప్పుడు?"

ఈ మాటకు అందరూ నవ్వారు. సంతాప సభలో నవ్వకూడదని గుర్తొచ్చి మళ్లీ ముఖాలు వేలాడేశారు. స్లో బాల్ మీద చర్చ తెగలేదు. దాన్ని ఆయన యూట్యూబు చూసి నేర్చుకున్నాడని కొందరు, యూట్యూబు చూసిన ఫోనులో డేటా వేయించింది క్లబ్బేనని సెక్రటరీ. బిల్లు చూపించమంటే మాత్రం స్టాంపు మీద మళ్లీ నీళ్లు చల్లాడు.

మనకు చెన్నై పక్కూరు లెక్క. ఐపీఎల్ వచ్చిందంటే ఈ కమిటీలో పసుపు చొక్కా లేనివాడు లేడు. 2025 నవంబరులో చెన్నై జట్టు జడేజాను రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను తెచ్చుకుంటే, ఇదే అంగడి దగ్గర ఇదే పెద్దలు "సూపర్ డీలబ్బా, ఫ్యూచర్ చూసుకోవాల గదా" అన్నారు. ఫ్యూచర్ చూసుకునే హక్కు ఓనర్లకే ఉన్నట్టుంది. మోకాలికి క్యాపు తొడుక్కుని రనప్ మొదలుపెట్టేవాడికి మాత్రం విశ్వాసం ఉండాలి.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఒక సంక్రాంతి టోర్నమెంటు ఫైనల్లో క్యాచ్ పట్టి ఆయన వేలు విరగ్గొట్టుకున్నాడు. ఆ క్యాచ్‌తోనే కప్పు వచ్చింది. కమిటీ మొత్తం కప్పు పట్టుకుని ఫొటోలకు పోయింది. జ్యూస్ అంగట్లో ఐసుముక్కలు అడిగి, కర్చీఫులో చుట్టి, ఆయన్ను బైకు మీద ఆస్పత్రికి తీసుకెళ్లింది అండర్-16 ఆడే పిల్లకాయ. కట్టు డబ్బులు ఆయనే కట్టుకున్నాడు. ప్రైజ్ మనీ ఎటు పోయిందో ఇప్పటికీ ఎవడూ చెప్పడు. తర్వాతి సీజన్లో కొత్త బంతి ప్రెసిడెంటు బామ్మర్దికిచ్చి, ఈయన్ను బౌండరీ దగ్గర నిలబెట్టారు. ఆ బామ్మర్ది నెట్ ప్రాక్టీసుకు వచ్చిన పాపాన పోలేదు! ఇదంతా చేసి, ఒక్కడైనా ఇంటికి పోయి "ఎట్లుందన్నా చెయ్యి?" అని అడగకుండా, ఇప్పుడు ద్రోహి అంటారా? సిగ్గు, శరం ఉండొద్దూ?

సరే, సమావేశం ముగిసింది. ఎన్‌ఓసీ మీద స్టాంపు సగమే పడింది, అది కూడా తలకిందులుగా. ఆదివారం పొద్దున్నే మా వాళ్లకు ఫ్రెండ్లీ మ్యాచ్. మ్యాట్ పరిచారు, గాలికి లేచిపోతోంది. ఇన్నేళ్లూ ఆరింటికే వచ్చి దాన్ని బిగించేదెవరో అప్పుడు గుర్తొచ్చింది. ఎవరు ఫోన్ చేయాలని కాసేపు వాదులాడుకుని, చివరికి సెక్రటరీనే చేశాడు, స్పీకర్ పెట్టి.

"అన్నా, మేకుల సంచి యాడ పెట్టినావు?"

"అవి నావి రా. తెచ్చుకున్నా."