యాభై దాటిన మొఖానికి క్రీము కొంటున్నరా? డబ్బా తిప్పి వెనక చదవండి

చలి మొదలైందంటే నల్లగొండ, పాలమూరు దిక్కు ఏ ఇంట్ల చూసినా ఒకటే మాట. "మొఖం గుంజినట్టు అయితున్నది, పొట్టు లేస్తున్నది, ఏం రాయాలె?" అడిగేది ఎక్కువగా నలభై అయిదు దాటిన అక్కలు, చిన్నమ్మలు. దానికి చాలా దుకాణాలల్ల చేతిల పెట్టేది ఏంది? మొఖం తెల్లగ చేసే క్రీము. ఇంత పొడుగు రాస్తున్నది ఆ కోపంతోనే. ఎండిన మొఖానికి నీళ్లు కావాలె, కొవ్వు కావాలె, ఆ రెండూ గాలికి పోకుండ మీద ఒక మూత కావాలె. తెలుపుతోని దానికేం పని?

చర్మం పైపొర ఇటుకల గోడ లెక్క ఉంటది. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి నడుమ కొవ్వు సున్నం. ఆ కొవ్వుల దాదాపు సగం సెరమైడ్స్, మిగిలిన దాంట్ల ఎక్కువ భాగం కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. వయసు మీద పడ్డకొద్దీ ఈ సున్నం రాలుతది, నూనె గ్రంథులు నెమ్మదిస్తయి. ముట్లు ఆగినంక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోతది కాబట్టి ఆడవాళ్లకు ఈ మార్పు చానా తొందరగ తెలుస్తది. మొదటి ఐదేండ్లల్లనే చర్మంల కొల్లాజెన్, అంటే చర్మాన్ని బిగువుగ ఉంచే ప్రోటీన్, సుమారు 30 శాతం తగ్గుతది. అందుకే ముప్పై ఏండ్లప్పుడు సరిపోయిన లోషన్ ఇప్పుడు రాసిన గంటకే ఇంకిపోతది. కంపెనీ ఏదో మోసం చేసిందనుకుంటరు గానీ, మారింది మీ చర్మం.

క్రీము కంటే ముందు నీళ్ల సంగతి. "మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లతోనే మొఖం పాడైంది" అని మర్రిగూడ, మునుగోడు దిక్కు చానా మంది అంటరు. ఫ్లోరైడ్ చేసే చెడు తాగితే వస్తది, ఎముకలకు, పండ్లకు. మొఖాన్ని ఎండబెట్టేది బోరు నీళ్లల్ల ఉండే కాల్షియం, మెగ్నీషియం, అంటే నీళ్ల గరుకుతనం. గుర్తుపట్టుడు సులువు: సబ్బు నురగ రాదు, బకెట్ అంచుకు, నల్లా మూతికి తెల్లటి పొర కడతది. ఆ ఉప్పులు సబ్బుతోని కలిసి జిడ్డు తెట్టె అయి మొఖం మీదనే ఉండిపోతది, దాని వల్లనే మంట, దురద. స్నానం బోరు నీళ్లతోని చేసినా, మొఖం ఆఖరుకు ఒక చెంబెడు మిషన్ భగీరథ నల్లా నీళ్లతోనో ఫిల్టర్ నీళ్లతోనో కడిగితే చాలు. హీటర్ పెట్టి పొగలు వచ్చే నీళ్లు మొఖం మీద పోసుకోవద్దు, గోరువెచ్చగ ఉండాలె.

సబ్బు గురించి ఒక్క మాట. టీఎఫ్‌ఎం (సబ్బుల ఉండే మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతం ఉన్న గ్రేడ్ 1 సబ్బు మంచిదే, కానీ అది కూడా సబ్బే. దాని పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 9, 10 దగ్గర ఉంటది, చర్మానిది 5 దగ్గర. ఎండిన మొఖానికి సబ్బు లేని క్లెన్సర్ గానీ సిండెట్ బార్ (చూస్తే సబ్బు బిళ్ల లెక్కనే ఉంటది కానీ సబ్బు కాదు) గానీ రాత్రి ఒక్కపూట వాడితే చాలు. పొద్దున ఉత్త నీళ్లు సాలు. ఈ మార్పు చెయ్యకుండ ఎంత ఖరీదు క్రీము రాసినా, కారే కుండల నీళ్లు పోసినట్టే.

ఇప్పుడు డబ్బా. ముందు దిక్కు రాసింది అమ్ముకోవడానికి. వెనక దిక్కు పదార్థాల పేర్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని దాకా వరుసగ ఉంటయి, 1 శాతం లోపు ఉన్నవి మాత్రం ఎట్లయినా రాసుకోవచ్చు. అక్షరాలు చీమ తలకాయంత ఉంటయి, పైగ ఇంగ్లిషుల. ఇంట్ల చదువుకునే పిల్లలతోని ఫోన్ల ఫొటో తీపించి, పెద్దగ చేసి చదివించుకోండి. ఫినాక్సీఇథనాల్ అనే పేరు ఎక్కడుందో చూడమనండి. అది క్రీము చెడిపోకుండ వేసేది, 1 శాతం మించదు. దాని తర్వాత వచ్చే పేర్లు చిటికెడంతే అని అర్థం. డబ్బా మీద బాదం బొమ్మ ఇంత పెద్దగ వేసి, బాదం నూనె పేరు ఫినాక్సీఇథనాల్ తర్వాత ఉంటే, మీరు బొమ్మకు పైసలిస్తున్నరు.

మీకు కావాల్సిన పేర్లు మొదటి ఆరేడింట్లనే ఉండాలె. నీళ్లు పట్టి ఉంచేది గ్లిజరిన్. నీళ్ల తర్వాత రెండో పేరు అదే అయితే మంచి గుర్తు. నునుపు చేసేవి స్క్వాలేన్, షియా బటర్, సెటియరైల్ ఆల్కహాల్. ఆల్కహాల్ అని ఉందని దాన్ని చూసి భయపడొద్దు, అది మైనం లాంటి కొవ్వు. భయపడాల్సింది 'ఆల్కహాల్ డీనాట్', అంటే ఎండబెట్టే స్పిరిట్, పైవరుసల ఉంటే. ఇగ మూత వేసేవి పెట్రోలాటమ్, మినరల్ ఆయిల్, డైమెథికోన్. యాభై దాటిన మొఖానికి, మన దిక్కు పొడిగాలికి, నా లెక్కల అన్నిటికంటే ముఖ్యం ఈ మూతనే. పెట్రోలాటమ్ అంటే వ్యాజిలిన్ డబ్బాల ఉండేదే. చర్మంల నుంచి నీళ్లు ఆవిరైపోకుండ ఆపడంల దాన్ని మించింది లేదు. సెరమైడ్స్ మాత్రం కొంచెం ఉన్నా పని చేస్తయి, అవి జాబితాల కింద ఉన్నయని కొట్టిపారేయొద్దు.

యూరియా పేరు చూసి "ఎరువు మొఖానికా?" అని డబ్బా వాపస్ పెట్టేవాళ్లు ఉన్నరు. యూరియా మన చర్మం సహజంగ తయారు చేసుకునేదే. పొట్టు లేచే మొఖానికి 5 శాతం చానా మంచిగ పని చేస్తది. కాళ్ల పగుళ్లకు 10 నుంచి 20 శాతం. కాళ్లది తెచ్చి మొఖానికి రాస్తే మండుతది. పగిలి ఎర్రగైన చోట అయితే 5 శాతం కూడా మండుతది, అది మానినంకనే మొదలు పెట్టాలె. చేనుకు చల్లే యూరియా నీళ్లల్ల కలిపి రాసుడు మాత్రం ఎవ్వరూ చెయ్యొద్దు.

వాసన లేనిదే కొనాలె. మల్లె, గులాబి, గంధం వాసనలు ఎండిన చర్మానికి పడవు. గోడ పగిలి ఉన్నప్పుడు సెంటు లోపలికి దిగి ఎలర్జీ తెస్తది.

రాసే తీరు తప్పితే మంచి క్రీము కూడా దండగ. మొఖం కడిగినంక తువ్వాలతోని రుద్దకుండ అద్దాలె, తడి ఇంకా ఉండంగనే మూడు నిమిషాల లోపల రాయాలె. ఆరిన మొఖానికి రాస్తే, క్రీము పట్టి ఉంచడానికి లోపల నీళ్లే ఉండవు. ఎంత? చూపుడువేలు కొసన ఉన్న గీత నుంచి చివరి దాకా పిండితే సుమారు అర గ్రాము. మొఖానికి, మెడకు కలిపి అట్లాంటివి రెండు, రోజుకు రెండుసార్లు. అంటే 50 గ్రాముల ట్యూబ్ 25 రోజులల్ల అయిపోవాలె. నాలుగు నెలలు వస్తున్నదంటే మీరు రాస్తలేరు, చూపిస్తున్నరు. అందుకే 15 గ్రాముల ఖరీదు ట్యూబ్ కంటే, మెడికల్ షాపుల దొరికే సాదా పారాఫిన్ క్రీము పెద్ద ట్యూబ్ మేలంటున్న. దాని అట్ట మీద లైట్ లిక్విడ్ పారాఫిన్, వైట్ సాఫ్ట్ పారాఫిన్ అని ఉంటది.

రాత్రి క్రీము మీద, బఠాణీ గింజంత వ్యాజిలిన్ రెండు అరచేతుల నడుమ రుద్ది వెచ్చగ చేసి, చెంపలకు, కండ్ల కింద ఎముక మీద అద్దాలె. మొటిమలొచ్చే మొఖమైతే ఈ మెట్టు వద్దు. పొద్దున క్రీము రాసినంక పది నిమిషాలు ఆగి సన్‌స్క్రీన్ రాయాలె, లేకుంటే రెండూ ఉండలు ఉండలుగ రాలుతయి. ఎస్‌పీఎఫ్ (ఎండను ఎంత ఆపుతదో చెప్పే నంబర్) 30 తక్కువ కాకుండ, రెండు వేళ్ల పొడుగు గీత. పత్తి ఏరే అక్కలకు, బత్తాయి తోటలల్ల పని చేసే వాళ్లకు కొంగు, రుమాలు కూడా కావాలె. ముడతలకు ఎండను మించిన కారణం లేదు. ఇగ పౌడర్ మానేయండి, ఎండిన మొఖంల గీతల్ల దిగి పది ఏండ్లు ఎక్కువ చూపిస్తది.

రేకుల ఇంట్ల మే నెలల కిటికీ పక్కన పెట్టిన డబ్బా తెరిచి చూడండి. పైన పలుచని నీళ్లు, కింద గడ్డ, ముక్క వాసన. అట్ల విరిగింది మళ్ల కలిపి వాడొద్దు. మంచినీళ్ల కుండ పక్కన, నీడపట్టున పెట్టాలె. వేలు ముంచే డబ్బా కంటే ట్యూబ్ మంచిది. ఎండాకాలం పొద్దున చెమటకు మందం క్రీము చిరాకు పెడతది, అప్పుడు గ్లిజరిన్ ఉన్న లోషన్‌కు మారొచ్చు, రాత్రి మాత్రం మందందే.

ఇంటి చిట్కాల మీద గౌరవం ఉన్నా కొన్ని చెప్పక తప్పదు. నిమ్మకాయ పీహెచ్ 2 దగ్గర ఉంటది, ఎండిన మొఖానికి అది కాల్చుడే. సున్నిపిండి, ముల్తానీ మట్టి ఉన్న కాస్త నూనెను పీలుస్తయి, పండగనాడు ఒంటికి పెట్టుకోండి, మొఖం వదిలేయండి. ఆలివ్ నూనెల ఒలీయిక్ ఆమ్లం ఎక్కువ, అది నడుమ ఉన్న సున్నాన్నే సడలిస్తది. కొబ్బరి నూనె దానికంటే నయం, తడి మొఖం మీద నాలుగు చుక్కలు. మన చెల్కల్ల పండే ఆముదం మూత లెక్క మంచిగనే ఆపుతది కానీ జిగటకు దుమ్మంతా అంటుకుంటది, పెదవులకు, మడిమలకు ఉంచుకోండి. గ్లిజరిన్ ఉత్తది రాయొద్దు. చెంచా గ్లిజరిన్‌కు నాలుగు చెంచాల నీళ్లు, రెండు రోజులకు సరిపడ మాత్రమే కలుపుకోవాలె, మీద క్రీము రాయాలె.

ఇగ అసలు కోపం. మంగు మచ్చలకు, నలుపుకు అని అడిగితే, చీటీ లేకుండనే మెడికల్ షాపుల ఇచ్చే కొన్ని ట్యూబులల్ల మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ ఉంటయి. ఇవి స్టెరాయిడ్లు. 2018 నుంచి ఇట్లాంటివి షెడ్యూల్ హెచ్ కింద ఉన్నయి, డాక్టర్ చీటీ లేకుండ అమ్మొద్దు. వారం రోజులు మొఖం మెరుస్తది, పొట్టు పోతది, అందుకే నమ్ముతరు. ఆ తర్వాత చర్మం కాగితం లెక్క పలుచబడ్తది, ఎర్ర నరాలు తేలుతయి, ఎండల అడుగు పెడితే మంట, ఆపితే ఇంకా ఎక్కువ. వయసుతోని ముందే పలుచబడ్డ చర్మానికి ఇది ఇచ్చుడు అన్యాయం. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నోళ్లు ఒక్కసారిగ ఆపకుండ, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానలల్ల చర్మ డాక్టర్‌కు ఆ ట్యూబ్ తీస్కపోయి చూపించండి. పదార్థాల పేర్లు, లైసెన్స్ నంబర్ లేని తెల్లబడే క్రీములల్ల పాదరసం ఉండొచ్చు, అది కిడ్నీలను దెబ్బతీస్తది.

కొల్లాజెన్ క్రీములు? ఆ అణువు చానా పెద్దది, పైపొర దాటి లోపలికి పోదు. మీద తడి పొరగ ఉంటది, అంతే. ముడతలకు నిజంగ పని చేసేది రెటినాల్, అంటే విటమిన్ ఏ రకం. వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత, ముందు క్రీము, నడుమ రెటినాల్, మళ్ల క్రీము. గర్భంతోని ఉన్నోళ్లు వాడొద్దు. పొట్టు లేస్తున్న మొఖానికి మొదలే పెట్టొద్దు, నెల రోజులు మాయిశ్చరైజర్‌తోని గోడ కట్టినంకనే.

కొత్త క్రీము ఏదైనా మోచేతి మడతల రోజుకు రెండుసార్లు వారం రాసి చూడాలె. మొఖానికి రాసిన రెండు, మూడు వారాలకు కూడా తగ్గకుంటే అది ఉత్త ఎండుడు కాదు. తలకు రంగు వేసిన రెండు రోజులకు నుదుటి అంచున, చెవుల ఎనక దురద, పొట్టు వస్తే అది హెయిర్ డై ఎలర్జీ, క్రీముతోని పోదు. స్టిక్కర్ బొట్టు పెట్టే చోటనే గరుకై తెల్లబడుతుంటే ఆ జిగురే కారణం, కుంకుమకు మారండి. ముక్కు పక్కల పసుపు పొలుసులుంటే చుండ్రు జాతి జబ్బు. ఒళ్లంతా ఎండిపోయి, జుట్టు ఊడి, నీరసం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఒక్క చోట మచ్చ పాలిపోయి, ఎంత రాసినా పొడిగనే ఉండి, దూది కొసతోని తాకితే తెలుస్తలేదంటే కుష్ఠు కావొచ్చు. దానికి మందులు పీహెచ్‌సీల ఉచితం, ఆశా కార్యకర్తకు ఆ రోజే చూపించండి.