బ్యాటరీ దొరకని కెమెరా

నాన్న షష్టిపూర్తికి కొన్న చిన్న కెమెరా అది. లెన్సు మీద ఒక్క గీత లేదు. బ్యాటరీ మాత్రం ఉబ్బిపోయి, మూత పట్టడం లేదు. కొత్త బ్యాటరీ కోసం నాలుగు దుకాణాలు తిరిగాను. "ఆ మోడల్ ఎప్పుడో ఆగిపోయింది సార్, మంచి ఫోను తీసుకోండి." నాలుగు చోట్లా ఇదే మాట!

బాగున్న వస్తువును ఎందుకు పారేయాలి? 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక్క నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ తర్వాత కెమెరా గోరంత అయింది, చవకైంది, దాదాపు ప్రతి ఫోనులోనూ చేరింది. మంచిదే, కాదనను. కానీ ఆ చవకే నా కెమెరా జాతిని మింగేసింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లు దాటిన కెమెరాల సరఫరా 2023లో కోటికి కూడా చేరలేదు. గిరాకీ పడిపోగానే చాలా కంపెనీలు ఖరీదైన కెమెరాల వైపు మళ్లాయి. సామాన్యుడి కెమెరాను గాలికి వదిలేశాయి.

మొన్న పెళ్లిలో వెనక వరుసలో కూర్చుని ఫోనులో జూమ్ చేశాను. తలంబ్రాలు తెల్లటి మరకల్లా వచ్చాయి, పెళ్లికూతురి ముఖం మైనం ముద్దలా ఉంది. నా పాత కెమెరా లెన్సు ముందుకు జరిగి, ఒక్కో గింజనూ విడివిడిగా పట్టేది.

అమ్మినన్నాళ్లు అమ్మారు. కనీసం బ్యాటరీ అయినా పదిహేనేళ్లు దొరికేలా చూడలేరా?