లేబుల్ మీద విన్‌స్టన్ రైట్ పేరు ఎందుకు లేదు?

పోయిన ఆదివారం బర్మింగ్‌హామ్‌లో పాత రికార్డులు అమ్మే చోటికి వెళ్లాను. నా పక్కన నిలబడ్డ ఒకాయన 'లిక్విడేటర్' అనే జమైకన్ పాట 45ని (వైపుకి ఒక్కో పాట ఉండే చిన్న రికార్డుని) తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, లేబుల్ మీద నీలం బాల్‌పెన్‌తో ఎవరో అమ్మాయి రాసుకున్న పేరు కనపడగానే "ఇది పాడైంది" అని మళ్లీ పెట్టెలో పడేశాడు. నేను దాన్ని 4 పౌండ్లకి కొనుక్కున్నాను. ఇంటికొచ్చి వేస్తే మొదట కాసేపు చిటపటలు, ఆ తర్వాత ఆర్గన్ అందుకుంది చూడండి, వంటింట్లో ఉన్న మా ఆవిడ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఆ "పాడైంది" అన్న మాట రెండు రోజులుగా నన్ను నిద్రపోనివ్వట్లేదు, అందుకే ఈ పోస్ట్. పొడుగ్గా ఉంటుంది.

ఈ సంగీతం తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1968 ప్రాంతంలో జమైకాలో రాక్‌స్టెడీ అనే నెమ్మది డాన్స్ సంగీతం వేగం పుంజుకుని రెగేగా మారింది. బాబ్ మార్లే పోస్టర్లు చూసి మనం ఊహించుకునే నెమ్మది రెగే కాదు ఇది, ఆర్గన్ ముందుండి నడిపించే, కాళ్లు ఆగనివ్వని డాన్స్ సంగీతం. ఇంగ్లండ్‌లో దీన్ని కొన్నది జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలూ, వాళ్ల పక్క వీధుల్లో పెరిగిన తెల్ల కార్మికుల పిల్లలూ. జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకుని, బూట్లు, బ్రేసెస్ (ప్యాంటు జారకుండా భుజాల మీదుగా వేసే పట్టీలు) వేసుకుని తిరిగే ఆ తెల్ల కుర్రాళ్లే స్కిన్‌హెడ్లు. రేడియో పెద్దగా పట్టించుకోకపోయినా డెస్మండ్ డెకర్ 'ఇజ్రాయెలైట్స్' 1969 ఏప్రిల్‌లో బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్ అయింది, అదే ఏడాది 'లిక్విడేటర్' 9వ స్థానం దాకా వెళ్లింది.

ఆ మూడు నాలుగేళ్ల పాటలన్నిటినీ కలిపి ఇప్పుడు కలెక్టర్లు పిలిచే పేరు స్కిన్‌హెడ్ రెగే.

నా మొదటి గొడవ ఈ పేరుతోనే. వాయించినవాళ్ల పేరు కాదు, వాళ్ల ఊరి పేరు కాదు, వేరే దేశంలో కొనుక్కున్నవాళ్ల పేరు! పైగా ఇంగ్లండ్‌లో బతికే మనలాంటివాళ్లకి ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదు. 1969-70లో జమైకన్ కుర్రాళ్లతో కలిసి డాన్స్ చేసిన గుంపుల్లోంచే కొందరు లండన్ ఈస్ట్ ఎండ్‌లో దక్షిణాసియా వాళ్లని వెతికి వెతికి కొట్టారు. ఆ తర్వాత పదేళ్లకి నేషనల్ ఫ్రంట్ లాంటి జాతివాద పార్టీలు ఆ గుండు తలల్నే తమ గుర్తుగా మార్చుకున్నాయి. దానికి ఎదురు నిలబడ్డ స్కిన్‌హెడ్లూ ఉన్నారు, ఆ సంగతి దాచను. అయినా మా ఆఫీసులో ఒక పెద్దాయన, 1970ల్లో పంజాబ్ నుంచి వచ్చినాయన, నేనేం కొంటున్నానని అడిగినప్పుడు నేను "పాత జమైకన్ రికార్డులండీ" అని ఊరుకున్నాను. ఆయన ముందు ఆ మాట అనలేను.

సరే, పేరు పోనివ్వండి. నేను కొన్న ఆ 'లిక్విడేటర్' మీద ఏం రాసుందో చూడండి. 'ది హ్యారీ జే ఆల్ స్టార్స్'. హ్యారీ జే అంటే నిర్మాత హ్యారీ జాన్సన్. మరి పాటకి ప్రాణం పోసిన ఆర్గన్ ఎవరిది? విన్‌స్టన్ రైట్‌ది. లేబుల్ మీద ఎక్కడా లేదు. యాభై ఏళ్లు దాటినా చెల్సీ ఫుట్‌బాల్ మైదానంలో వేల మంది ఈ పాటకి చప్పట్లు కొడతారు, అందులో ఎంతమందికి ఆయన పేరు తెలుసంటారు? ఆయన 1993లో పోయాడు. అదే కాలంలో లీ పెర్రీ అనే నిర్మాత 'అప్‌సెటర్స్' పేరుతో వదిలిన కొన్ని రికార్డుల్లో బేస్, డ్రమ్స్ వాయించిన బారెట్ అన్నదమ్ములకైతే, తర్వాత మార్లే పక్కన చేరారు కాబట్టి, కాస్త గుర్తింపు దొరికింది. మిగతావాళ్లు చాలామంది "ఆల్ స్టార్స్" అన్న మాట వెనకే ఉండిపోయారు.

'స్కిన్‌హెడ్ మూన్‌స్టాంప్' సంగతీ అంతే. స్కిన్‌హెడ్ల జాతీయగీతంలా పాడుకునే ఆ పాట డెరిక్ మోర్గన్ 'మూన్ హాప్' మీద కట్టింది. 1969లో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన సంబరంలో మోర్గన్ చేసిన పాట అది, లండన్‌లో పామా అనే రికార్డు కంపెనీ వాళ్ల 'క్రాబ్' బ్రాండు మీద వచ్చింది. కానీ ఎవర్ని అడిగినా 'స్కిన్‌హెడ్ మూన్‌స్టాంప్' పేరే చెప్తారు. దాన్ని పాడిన సిమారిప్ కూడా నల్లవాళ్ల బృందమే అని తెలిసి ఆశ్చర్యపోయినవాళ్లని నేను కళ్లారా చూశాను.

ఇంకో పేరు చెప్పాలి, మనకి దగ్గరిది. ఈ పాటల్లో చాలావాటిని ఇంగ్లండ్‌లో వదిలిన ట్రోజన్ కంపెనీని నడిపించిన లీ గోప్తాల్ జమైకాలో పుట్టిన భారత సంతతి మనిషి. 1845 నుంచి మనవాళ్లని ఓడల్లో చెరుకు తోటల కూలికి తీసుకెళ్లారు కదా, జమైకాలో భారతీయులు మొదలైంది అలాగే. నా దగ్గరున్న రికార్డుల మీద ట్రోజన్ వాళ్ల నారింజ రంగు లేబుల్ చూసినప్పుడల్లా ఆ చరిత్ర అంతా గుర్తొస్తుంది.

ఇక కలెక్టర్ల దగ్గరికి వస్తాను. కింగ్‌స్టన్‌లో నిర్మాతలు కొత్త పాటని ముందు ఏమీ అచ్చు వేయని లేబుల్‌తో కొన్ని కాపీలు కొట్టించేవాళ్లు, పోటీ సౌండ్ సిస్టమ్ వాళ్లకి (పెద్ద స్పీకర్లు పెట్టి డాన్సుల్లో రికార్డులు వేసేవాళ్లకి) అది ఏ పాటో తెలియకూడదని. వ్యాపారం కోసం దాచిన పేరది. ఇప్పుడు ఆ ఖాళీ లేబుల్‌కే ఎక్కువ ధర! పాట ఎవరిదో కనుక్కోవాలంటే గాడులు ఆగిపోయాక మధ్యలో గీకిన నంబర్లు చదవాలి, పాతవాళ్లని అడగాలి, ఓపిక కావాలి. ఆ పని చేసే కలెక్టర్లు ఉన్నారు, వాళ్లకి దండం పెడతాను, నాకు తెలిసినదంతా వాళ్లు నేర్పిందే. కానీ ఎక్కువమంది ఏం చేస్తున్నారు? గీత పడని కాపీ వెతికి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సూది ఆనించకుండా బీరువాలో దాచి, మూడేళ్లకి మూడింతలకి అమ్ముతున్నారు. ఆ డబ్బులో వాయించిన మనిషికి పైసా వెళ్లదు, సెకండ్ హ్యాండ్ అమ్మకంలో వెళ్లే దారే లేదు. కనీసం పేరైనా చెప్పొచ్చు కదా అని నా బాధ. మొన్న ఆన్‌లైన్‌లో ఒక అమ్మకం చూశాను, లేబుల్ అంచు చిరుగు గురించి నాలుగు వాక్యాలు, పాట గురించి ఒక్కటీ లేదు!

అరుదైనదంతా మంచిదీ కాదు. చాలా రికార్డులు అప్పట్లో ఎవరూ కొనలేదు కాబట్టే ఇప్పుడు దొరకట్లేదు. విని చూశాను, కొన్ని నిజంగా బాగోలేవు. ఎంతోమంది కొన్న 'లిక్విడేటర్' మాత్రం 4 పౌండ్లకి దొరుకుతోంది, దాన్ని మించిన పాట నా పెట్టెలో ఇంకోటి లేదు.

ఆ అమ్మాయి, ఇప్పుడు డెబ్భై దాటి ఉంటుందేమో, తన పేరు ఎందుకు రాసుకుందో నాకు తెలుసు. శనివారం రాత్రి అందరూ ఎవరి రికార్డులు వాళ్లు పట్టుకెళ్లి ఒకేచోట పెట్టేవాళ్లు, తిరిగొచ్చేటప్పుడు కలిసిపోకూడదని పేర్లు రాసుకునేవాళ్లు. అంటే ఈ రికార్డు డాన్స్‌కి వెళ్లొచ్చింది, అందుకే అరిగింది. నిన్న రాత్రి దానికి కొత్త కాగితం కవరు వేసి, పైన పెన్సిల్‌తో "ఆర్గన్: విన్‌స్టన్ రైట్" అని రాశాను. లేబుల్ మీద ఆమె రాసుకున్న పేరు మాత్రం చెరపలేదు.