ముప్పై ఏళ్లకు తీసిన తాళం

బెల్ ల్యాబ్స్ పరిశోధకులు 1980ల చివర్లో మొదలుపెట్టిన ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్‌ను పూర్తిగా జనానికి వదిలేస్తున్నట్టు దాని యజమాని నోకియా 2021 మార్చి 23న ప్రకటించింది. హక్కులు ప్లాన్ 9 ఫౌండేషన్‌కు వెళ్లాయి. ఎంఐటీ లైసెన్స్ కింద ఇక ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మంచిదే. కానీ ఈ కబురు విన్నాక మాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు ఆపారు?

1992లో యూనివర్సిటీలకు మాత్రమే ఇచ్చారు. 1995లో 350 డాలర్లకు అమ్మారు. 2000లో కోడ్ బయటపెట్టినా సొంత షరతులు తగిలించారు. 2014లో గానీ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కిందకు రాలేదు. ఈలోగా 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ప్రపంచమంతా పాకిపోయింది. నేడు తొలి 500 సూపర్ కంప్యూటర్లూ దాని మీదే నడుస్తున్నాయి. ఆలోచనల్లో ప్లాన్ 9 దేనికీ తీసిపోదు. తలుపు తెరిచి ఉన్న ఇంటికే జనం వెళ్లారు, అంతే.

దీనికి రుజువు మీ చేతిలోనే ఉంది. అదే ల్యాబ్‌కు చెందిన కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అదే 1992లో యూటీఎఫ్-8 అనే పద్ధతిని రూపొందించి ప్లాన్ 9లో పెట్టారు. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలనూ కంప్యూటర్‌లో దాచే పద్ధతి అది. దానికి తాళం వేయలేదు. ఇవాళ మీ ఫోన్‌లో తెరిచే తెలుగు పేజీలో ‘అ’ అనే అక్షరం మూడు బైట్లుగా వస్తున్నది ఆ పద్ధతిలోనే. వదిలేసింది తెలుగువాడి దాకా వచ్చింది. దాచుకున్నది ల్యాబ్ గడప దాటడానికి ఇంతకాలం పట్టింది.

1976లో ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు, అదే బెల్ ల్యాబ్స్‌లో అంతకుముందు పుట్టిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌కు వివరణ రాసి విద్యార్థులకు పంచారు. 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్ వచ్చేసరికి ఆ కోడ్‌ను క్లాసులో చెప్పకూడదని, అప్పటి బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ లైసెన్స్‌లో రాసింది. విద్యార్థులు పాత నోట్సునే కాపీకి కాపీ తీసుకుని దేశదేశాల్లో చదివారు. విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ (ఏయూ) అవుట్‌గేట్ దగ్గర జిరాక్స్ షాపుల ముందు నిలబడిన మన పిల్లలకు ఇది కొత్త కథ కాదు. కాకపోతే వాళ్లకు జిరాక్స్ తీయించుకోవడానికి దొరికేది పరీక్ష నోట్సే. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో రౌండ్ రాబిన్ (పనులకు వంతులవారీగా సమయం పంచే పద్ధతి) ప్రోగ్రామ్ రికార్డులోకి ఎక్కించి, వైవాలో నాలుగు డెఫినిషన్లు చెప్పి బయటపడుతున్నారు. మధురవాడ నుంచి గాజువాక దాకా ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. మన దేశంలో, మన డబ్బుతో తయారైన సిస్టమ్ కోడ్‌ను తెరిచి చదివిన విద్యార్థి ఎంతమందిలో ఒకడుంటాడు?

మా భయం ఇక్కడే. ముందు దాచి, పనికొచ్చే కాలం దాటాక వదిలే అలవాటు మన ప్రభుత్వానికీ ఉంది. సర్కారీ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను తెరిచిపెట్టాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది. అది ఉండగానే, 2020 ఏప్రిల్ 2న వచ్చిన కరోనా యాప్ ఆరోగ్య సేతు కోడ్‌ను మే 26న గానీ బయటపెట్టలేదు, అదీ విమర్శలు చెలరేగాక. కోట్లమంది ఫోన్లలోకి ఎక్కించిన యాప్‌కే ఇలా చేస్తే, రేపు వచ్చే స్వదేశీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏం చేస్తారు?

భద్రత ఉందని, కోడ్ తెరిస్తే శత్రువుకూ తెలుస్తుందని కొందరు అంటారు. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ టార్పెడోల రహస్యాలను ఎవరూ అడగడం లేదు. లినక్స్ కోడ్ అందరి ముందూ ఉంది. అయినా బ్యాంకులు దాన్ని నమ్ముకునే నడుస్తున్నాయి.

ప్రజల సొమ్ముతో కట్టింది ప్రజలదేనని ఈ ఊరికి ఒకరు నేర్పక్కర్లేదు. 2021లో ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా కూర్మన్నపాలెంలో ఉక్కు కార్మికులు దీక్షలో కూర్చుని చెప్పింది అదే. కోడ్‌కూ అదే న్యాయం. ప్రజాధనంతో రాసిన ప్రతి వరుసా రాసిన రోజే బయటకు రావాలి, షరతులు లేకుండా. 2015 విధానం కింద ఏ శాఖ ఏ కోడ్‌ను ఏ తేదీన విడుదల చేసిందో కేంద్రం ముందు జాబితా ప్రచురించాలి. ఆ కాస్త పని చేతకాని వాళ్లు ఆత్మనిర్భర్ అన్న మాటను మన విద్యార్థుల ముందు ఎత్తకూడదు.